పాతిక కిలోల క్లచ్

మా ఆయన లారీ డ్రైవరు. పెళ్లయిన నాటి నుంచి ఆయన ఇంట్లో ఉన్న ప్రతి రోజుకూ నేను క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టేదాన్ని. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన రోజు, అమ్మాయి టీకాలు అన్నీ ఆ క్యాలెండరు మీదే రాసుకునేదాన్ని కాబట్టి ఇదీ వాటిలో ఒకటి అనుకున్నాను. నలభై రెండేళ్ల ఎనిమిది నెలల కాపురంలో ఆయన ఇంట్లో ఉన్నవి మూడు వేల అయిదు వందల ఎనభై నాలుగు రోజులు. పదేళ్లకు అరవై ఆరు రోజులు తక్కువ. మొదటి రెండేళ్ల క్యాలెండర్లు చెదలు తిన్నాయి గనుక ఆ భాగం జ్ఞాపకం మీద వేసిన లెక్క. పదిహేను రోజులు అటూ ఇటూ కావచ్చు. మిగతాది సరైనదే.

ఇది ఆయన జబ్బు పడిన రోజు వరకు లెక్క. ఆ తర్వాతి రోజుల్లో నేనొక తప్పు చేశాను. దాని గురించి రాయడానికే కూర్చున్నాను.

అప్పటికి అయిదు నెలల కిందటే నేను అంగన్‌వాడీ టీచరుగా రిటైరయ్యాను. ఆయన అక్టోబరు మొదట్లో బరంపురం వైపు చేపల లోడు దింపి వచ్చి, రెండు రోజులు విరేచనాలతో పడుకున్నారు. తగ్గిపోయింది. ఇరవై ఒకటో తేదీ సోమవారం పొద్దున మంచం దిగబోయి కూలబడ్డారు. సాయంత్రానికి మోకాళ్లు, మర్నాటికి చేతులు స్వాధీనం తప్పాయి. బందరు ఆసుపత్రిలో చూసి విజయవాడ తీసుకెళ్లమన్నారు. రోగాలతో పోరాడాల్సిన శక్తి పొరబాటున సొంత నరాల మీదే పడిందని అక్కడి డాక్టరు చెప్పారు. చాలామందికి తిరిగి వస్తుందనీ, అయితే కాళ్లూ చేతులూ ఎంత తొందరగా పోయాయో అంత తొందరగా రావనీ అన్నారు. ఆసుపత్రిలో నలభై ఏడు రోజులున్నాం. అందులో పదకొండు రోజులు ఊపిరి కూడా మిషనుదే.

ఆ పదకొండు రోజులు ఆయన కనురెప్పలతోనే మాట్లాడారు. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు. నేను వరసగా అడిగేదాన్ని. నొప్పా, దాహమా, చలా, అమ్మాయిని చూస్తారా? ఒకరోజు ఏది అడిగినా రెండుసార్లే. పెడన నుంచి వచ్చి కూర్చున్న మా అమ్మాయి ఏడుపు మొదలుపెట్టింది. చివరికి నేను, "బండి గురించా?" అన్నాను. ఒక్కసారి రెప్ప వేశారు.

"బండి అన్నయ్యగారి దగ్గర భద్రంగా ఉందండీ. గిలకలదిండిలో షెడ్డు కింద పెట్టారట. ఇంజను ఆయిలు కూడా మార్పించారట" అని చెప్పాను. అప్పుడు నిద్రపోయారు. ఆయిలు మాట నేను కల్పించిందే. ఆయన విషయంలో నేను ఆడిన మొదటి అబద్ధం అదేనేమో. దానికి నాకు బాధ లేదు.

నేను అన్నయ్యగారని పిలిచేది ఆయన స్నేహితుణ్ణి. పాతికేళ్లు ఇద్దరూ ఒకే బండి మీద వంతులు వేసుకుని నడిపారు. తర్వాత ఆయన సొంతానికి లారీ కొనుక్కుని, స్టీరింగు మా ఆయన చేతికిచ్చారు. చుట్టరికం ఏమీ లేకపోయినా వాళ్లు బావా బావా అనుకుంటారు గనుక నేను ఆయనకు చెల్లెల్ని.

డిసెంబరు ఏడున ఇంటికి వచ్చాం. మా ఇల్లు బందరు నుంచి గిలకలదిండి వెళ్లే రోడ్డు పక్కనే. వచ్చిన మొదటి నెలలు ఆయనను కూర్చోబెట్టడం, నిలబెట్టడం, అన్నం ముద్ద నోటికి అందించడంతోనే గడిచిపోయాయి. నాకు ఒళ్లు హూనమయ్యేది. అయినా నిజం చెప్పాలంటే నేను అంత సంతోషంగా అంతకు ముందెప్పుడూ లేను. పొద్దున లేచేసరికి పక్క గదిలో ఆయన దగ్గు వినిపించేది. కాఫీ గ్లాసులు రెండు కడగాల్సి వచ్చేది. ఆయనకు పొట్లకాయ ఇష్టం లేదన్న సంగతి నాకు నలభై మూడో ఏట తెలిసింది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేమండీ?" అన్నాను.

"నెలకి వారం ఇంట్లో ఉండేవాణ్ణి. ఆ వారంలో పొట్లకాయ మీద గొడవ దేనికే?" అన్నారు.

అలాంటి సంగతులు రోజుకొకటి బయటపడేవి. చిన్నప్పుడు ఈత రాక కాలవలో కొట్టుకుపోబోయి గేదె తోక పట్టుకుని బయటపడ్డారట. నేను ఉల్లిపాయలు తరిగేటప్పుడు నాలుక కొరుక్కుంటానట. పెళ్లయిన కొత్తలో చెప్పుకోవలసినవన్నీ మేం అప్పుడు చెప్పుకున్నాం.

కానీ ఆయన కుర్చీ ఎప్పుడూ రోడ్డు వైపే ఉండేది. నేను ఇంట్లోకి తిప్పి వేస్తే, కాసేపటికి ఎలాగో మళ్లీ తిప్పుకునేవారు. కళ్లు మూసుకుని కూర్చుని, వెళ్లే బండ్ల పేర్లు చెప్పేవారు. "ఐసు బండి. ఇది ఖాళీగా వెళ్తోంది, రేవుకి. వీడికి బ్రేకు లైనర్లు అయిపోయినయ్, ఎవరైనా చెప్పండ్రా వాడికి." నేను తలెత్తి చూస్తే అన్నీ సరిపోయేవి. ఒక్కోసారి కుడిచెయ్యి గాలిలో కొద్దిగా తిరిగేది. అది మలుపు అని నాకు తర్వాత అర్థమైంది.

ఆయన లైసెన్సు గడువు ఫిబ్రవరి ఇరవైతో తీరిపోయింది. అప్పటికి ఆయన గోడ పట్టుకుని నిలబడుతున్నారు. నేను రవాణా ఆఫీసుకు వెళ్లి కనుక్కుని వచ్చాను. గడువు తీరిన ఏడాది లోపల దరఖాస్తు పెట్టుకుంటే, ఆరోగ్యం బాగుందని డాక్టరు ఇచ్చిన కాగితంతో పని అయిపోతుంది. ఏడాది దాటితే మళ్లీ మొదటి నుంచి బండి నడిపి చూపించాలి. ఈ సంగతి ఆయనకు చెప్పాను.

"అయితే వచ్చే ఫిబ్రవరి ఇరవై లోపల" అన్నారు. "తేదీ నువ్వు చూసుకో. కాలు నేను చూసుకుంటా."

మా ఇంట్లో మొదటి నుంచీ పద్ధతి అదే. తేదీలు నావి, రోడ్లు ఆయనవి. నేను చెప్పిన తేదీని ఆయన ఎప్పుడూ మళ్లీ అడిగి ఎరగరు.

చేతులు ముందు వచ్చాయి, తర్వాత కుడికాలు. ఎడమ పాదం చివర్లో మిగిలింది. లారీకి క్లచ్ తొక్కేది ఎడమకాలే. గేరు మార్చిన ప్రతిసారీ దాన్ని అడుగంటా తొక్కి, నిలిపి, మెల్లగా వదలాలి. ఊళ్లు దాటే దారిలో రోజుకు కొన్ని వందల సార్లు ఆ పని ఉంటుందట. అన్నయ్యగారు వచ్చినప్పుడు, ఎంత బలం కావాలని నేను అడిగాను.

"పాత బండి కదమ్మా, మొండిది. పాతిక కేజీలైనా తొక్కాలి" అన్నారు.

అంకె దొరికాక నాకు దారి దొరికింది. గర్భిణుల బరువు చూడటానికి సెంటరులో ఉన్న తూకం మిషను మాటిమాటికీ మొరాయిస్తుంటే, నేను సొంతానికి ఒకటి కొనుక్కున్నాను. ఎక్కి నిలబడే రకం, ముల్లుది. రిటైరయ్యాక ఇంటికి తెచ్చుకున్నాను. దాన్ని పెరటి గోడకు నిలబెట్టి, కింద ఇటుక పెట్టి, ఎదురుగా కుర్చీ వేసి, జరగకుండా కుర్చీని స్తంభానికి కట్టాను. ఆయన కూర్చుని ఎడమ పాదంతో తొక్కాలి. నిలబెడితే ముల్లు సున్నాకు అరకిలో వెనక్కి పోయింది, సరిచేశాను. తలకిందులుగా పెడితేనే పాదం సరిగా ఆనేది కాబట్టి అంకెలు కిందికి వచ్చాయి. ఆయనకు కనబడవు. నేను నేల మీద కూర్చుని, మెడ వంచి చదవాలి. ఒక్క తాపుకు వచ్చిన బరువు కాదు, నేను ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టేంత సేపు నిలిపిన బరువే రాసేదాన్ని. జులై ఆరున మొదలుపెట్టాం. ఆ రోజు మూడు కిలోలు.

అన్నయ్యగారు వచ్చినప్పుడల్లా పెరట్లోకి తొంగి చూసేవారు.

"ఏం బావా, ఇంకా గోడనే తంతున్నావా? ఏమన్నా జరిగిందా గోడ?"

"గోడ జరుగుద్దేమో గానీ మీ చెల్లెలు జరగదురా. పది గ్రాములు తక్కువైనా రాయదు."

"రాయకపోతే పోనీలే. నా బండి ఏడవకుండా కూర్చుంది నీ కోసం. రోజూ తుడిపిస్తున్నా."

సెప్టెంబరు ఆఖరుకు పది కిలోలైంది. డిసెంబరు ఆఖరుకు పదిహేడు. చేతికర్ర వదిలేశారు. జనవరిలో డాక్టరు చూసి, నరాలు దాదాపు పూర్తిగా కోలుకున్నాయనీ, పాదంలో బలం వస్తే కాగితం మీద సంతకం పెడతాననీ అన్నారు. పాతిక తొక్కిన రోజే ఆఫీసుకు వెళ్దామని ఆయన పట్టు పట్టారు. అంతకు ముందు వెళ్తే కాలు నవ్వులపాలు చేస్తుందని ఆయన భయం.

ఫిబ్రవరి అయిదు, గురువారం. ఆయన ఇంటికి వచ్చి నాలుగు వందల ఇరవై ఆరో రోజు. పొద్దున ఇద్దరం అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీశాం. ఆయన ఏదో చెప్తే నేను నవ్వి నవ్వి దగ్గాను. ఏం చెప్పారో ఇప్పుడు గుర్తులేదు. తర్వాత పెరట్లోకి వెళ్లాం. అంకె చూస్తే తొందర పుడుతోందని మూడు వారాలుగా ఉత్తినే తొక్కుతున్నారు, సంక్రాంతినాడు రాసింది పంతొమ్మిది. ఆయన కళ్లు మూసుకుని, వెనక్కి వాలి తొక్కారు. నేను వంగి చూశాను. ముల్లు పాతిక మీద ఉంది. పది దాకా లెక్కపెట్టాను. కదల్లేదు.

"ఎంతే?" అన్నారు.

"ఇరవై" అన్నాను.

ముందుగా అనుకున్న మాట కాదు. అన్న తర్వాత వెనక్కి తీసుకోనూ లేదు. ముప్పై ఒక్క ఏళ్లు వందల మంది పిల్లల బరువులు రాశాను. పాలకు ఏడ్చే పిల్లకు అరకిలో ఎక్కువ వేసి రాస్తే పైవాళ్ల ప్రశ్నలు తప్పుతాయని తెలిసినా ఏనాడూ వేయలేదు. ఆ రోజు మాత్రం నోటుబుక్కులో ఇరవై అని రాశాను. నా అక్షరం ఎప్పటిలాగే గుండ్రంగా ఉంది.

ఆపైన రోజూ ఒక అంకె చెప్పేదాన్ని. ఇరవై, ఇరవైన్నర, మళ్లీ పంతొమ్మిదిన్నర. అబద్ధపు లెక్క ఎక్కడ దొరికిపోతుందో నాకు తెలుసు. అన్నీ ఒకే అంకె వేసినా దొరుకుతుంది, మెట్లెక్కినట్టు పెరిగినా దొరుకుతుంది. అందుకని మధ్యలో తగ్గించేదాన్ని. తగ్గిన రోజు ఆయన సాయంత్రం మళ్లీ ఒక్కరే వెళ్లి, ఆ గోడకు పాదం ఆనించి తొక్కుతూ కూర్చునేవారు. నేను వంటింటి కిటికీలోంచి చూసేదాన్ని. చూసి కూడా మర్నాడు మళ్లీ అబద్ధమే చెప్పాను.

పన్నెండో తేదీన, "గడువు దగ్గర పడిందా?" అని అడిగారు.

"ఇంకా ఉంది లెండి" అన్నాను. ఎనిమిది రోజులుంది. అది మాత్రం నిజం.

ఇరవయ్యో తేదీ శుక్రవారం. మధ్యాహ్నం రొయ్యలు తెచ్చి ముందేసుకుని కూర్చున్నాను. వేళ్లకు పని ఉండాలని డాక్టరు చెప్పారు గనుక ఆయన కూడా ఒలిచారు. ఒక్కో రొయ్యనూ ఎత్తి, వెలుతురుకు పెట్టి, తొక్క ఊడదీసి, నరం లాగి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు గిన్నెలో పెట్టేవారు. నేను గడియారం వైపు చూస్తూనే ఉన్నాను. మూడున్నరకు ఆటో ఎక్కినా డాక్టరు సంతకం పెట్టించుకుని ఆఫీసుకు వెళ్తే అందుతుంది. నాలుగుకు ఎక్కినా అందుతుంది. నాలుగున్నరకు చెయ్యి కడుక్కుని లేచాను. "ఏమే, అప్పుడే అయిపోయినయ్యా?" అన్నారు. మళ్లీ కూర్చున్నాను. అయిదయ్యింది. ఆఫీసు మూసేసి ఉంటారు. ఆ పూట రొయ్యల కూర బాగా కుదిరింది. ఆయన రెండుసార్లు వేయించుకున్నారు. నాకు సహించలేదు.

ఇరవై మూడు సోమవారం అన్నయ్యగారు వచ్చారు. వేసవి లోడ్లు మొదలవుతున్నాయనీ, ఇద్దరు డ్రైవర్లు బండి అడుగుతున్నారనీ చెప్పారు.

"వచ్చే నెలాఖరు దాకా ఆగుతా బావా. ఆపైన కుదరదు. ఉత్తినే నిలిపితే టైర్లు కూడా పోతాయి. ఇంతకీ ఎంతకొచ్చింది నీ కాలు?"

"ఇరవై దగ్గర కూర్చుందిరా. లేవట్లేదు."

"తప్పుకో చెల్లెమ్మా, ఇవాళ నేను చూస్తా" అని ఆయన నేల మీద చతికిలబడ్డారు.

"వద్దండీ అన్నయ్యగారూ, మోకాళ్లు పట్టేస్తాయి" అన్నాను.

"నా మోకాళ్లకేం, మీ ఆయనవాటి కంటే నయం. తొక్కు బావా! అన్నవరం కొండెక్కుతున్నావ్, వెనకాల పెళ్లి బస్సు హారను కొడతంది. గేరు మార్చు. తొక్కు!"

ఆయన తొక్కారు. అన్నయ్యగారు గట్టిగా లెక్కపెట్టారు. పది కాగానే కేక పెట్టారు.

"ఇరవై ఎనిమిది! ఇరవై ఎనిమిది బావా!"

"సరిగ్గా చూడరా. తలకిందులుగా ఉంటయ్ అంకెలు."

"తలకిందులుగా చదివితే ఎనభై రెండు. ఎనభై రెండు తొక్కితే మీ గోడ పక్కింట్లో పడేది. ఇరవై ఎనిమిదేరా!"

నవ్వుతూ నా వైపు తిరిగారు. నా ముఖం చూసి నవ్వు ఆపారు. కాఫీ తెస్తానంటే వద్దని, షెడ్డులో పనుందని వెళ్లిపోయారు.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. పాదం ఇంకా మిషను మీదే ఉంది.

"ఎన్ని రోజుల నుంచే?" అన్నారు.

"పంతొమ్మిది."

"గడువు?"

"శుక్రవారం అయిపోయింది."

"రొయ్యలు ఒలిచిన రోజు."

"అవునండీ."

పాదం మిషను మీద నుంచి తీసి కింద పెట్టారు. తిడితే బాగుండుననిపించింది. నేనే అన్నాను: "వెళ్తే మళ్లీ నెలకు వారమే కదా. ఇంట్లో ఉంటారని."

"నేనెక్కడ ఉన్నానే ఇంట్లో?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగినట్టు. "పొద్దున నువ్వు కాఫీ ఇచ్చేటప్పటికి తుని దాటేస్తా. నువ్వు అన్నం పెట్టేటప్పటికి ఇచ్ఛాపురం. ఆసుపత్రిలో ఊపిరి లేనప్పుడు కూడా అదే రోడ్డు. నీకు చెప్తే బాధపడతావని చెప్పలా."

నాలుగు వందల పైచిలుకు రోజులు నేను సున్నాలు చుట్టాను. ఆ మాట విన్నాక లోపలికి వెళ్లి ఆ క్యాలెండర్లు చూడాలంటే భయం వేసింది.

రెండు రోజులు మాటల్లేవు. అన్నం మాత్రం మానలేదు. బుధవారం పొద్దున ఆయనే చొక్కా తొడుక్కుని వచ్చి, "పద, డాక్టరు దగ్గరికి" అన్నారు. మార్చి నాలుగున దరఖాస్తు పెట్టాం. ముందుగా దొరికిన తేదీ గుడివాడలో, పదకొండున. అన్నయ్యగారు లారీ నడుపుకుంటూ తీసుకొచ్చారు. పెడన, గుడ్లవల్లేరు మీదుగా వస్తున్నంతసేపూ ఆయన ఎడమకాలు కింద రేకును తొక్కుతూనే ఉందట. నేను బస్సులో వచ్చాను.

పరీక్ష పెట్టే ఆఫీసరు ఆడమనిషి, మా అమ్మాయి కంటే చిన్నది. కాగితాలన్నీ ఓపిగ్గా చూసింది.

"బాబాయిగారూ, ఏడాది దాటిన పన్నెండు రోజులకి అప్లై చేశారు. ముందే వచ్చుంటే ఈ టెస్టే ఉండేది కాదు కదండీ" అంది.

"మా ఆవిడ చూస్తుందండీ తేదీలు. ఎప్పుడూ తప్పదు. ఈసారి తప్పింది" అన్నారు ఆయన.

ఆ అమ్మాయి నా వైపు జాలిగా చూసింది. "పర్లేదమ్మా, పెద్ద వయసులో మర్చిపోవడం మామూలే."

మర్చిపోలేదమ్మా అని చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. నా జన్మలో నాకు పడిన శిక్షల్లో అది చిన్నదేమీ కాదు.

తిన్నగా నడపడం, మలుపులు, వెనక్కి పెట్టడం అన్నీ బాగానే చేశారు. ఆఖరున ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. క్లచ్‌ను సగంలో నిలిపి పట్టాలి. ఆ సగంలో ఎడమకాలు వణికింది. బండి నాలుగు అడుగులు వెనక్కి జారి, కుదుపుతో ఇంజను ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగిపోవడం నాకు బాగా గుర్తుంది. ఆయన వెంటనే దిగలేదు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని అలాగే కూర్చున్నారు.

"వారం దాటాక మళ్లీ రావచ్చు బాబాయిగారూ" అంది ఆ అమ్మాయి.

మళ్లీ తేదీ ఇరవై నాలుగు. అక్కడి నుంచి అన్నయ్యగారు ఆగుతానన్న నెలాఖరుకు ఇక ఏడు రోజులే. ఆ పరీక్ష అసలు రావలసింది కాదు. అది నేను తెచ్చిపెట్టిందే. ఇందులో ఇంకో మాటకు చోటు లేదు.

గుడివాడ శివార్లలో అన్నయ్యగారికి తెలిసిన రైసు మిల్లు ఒకటి ఉంది. ప్రహరీ గోడ, లోపల పెద్ద ఖాళీ జాగా, బస్తాలు దింపే చోట ఏటవాలు దారి. అయిదు రోజులు అక్కడ అలవాటు చేసుకోనిచ్చారు. మొదటి రోజు రెండుసార్లు ఇంజను ఆగింది.

"ఫెయిలైతే ఏమైంది బావా? నలభై ఏళ్ల కింద మొదటిసారి కూడా ఫెయిలయ్యావ్‌గా" అన్నారు అన్నయ్యగారు.

"అప్పుడు నువ్వు పక్కన కూర్చుని భయపెట్టావ్. ఇప్పుడూ నువ్వే ఉన్నావ్. దిగు ముందు." ఆయన నా వైపు చూశారు. మూడు వారాల్లో సూటిగా చూడటం అదే. "నువ్వెక్కు. పది దాకా లెక్కపెట్టు. నీ లెక్కకి అలవాటు పడింది ఈ కాలు."

లారీ క్యాబిను ఎక్కడం నాకు చేతకాలేదు. అన్నయ్యగారు స్టూలు తెచ్చి వేశారు. పెళ్లయిన నాటి నుంచి ఏ లారీ క్యాబినులోనైనా నేను కూర్చోవడం అది రెండోసారి. మొదటిది అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు, ఆసుపత్రికి. అప్పుడు చుట్టూ చూసే స్థితిలో లేను.

పైనుంచి చూస్తే మిల్లు గోడ అవతల పొలాలు, వాటి అవతల కాలవ గట్టు కనిపించాయి. ఆయన తాళం తిప్పారు. సీటు కింద నుంచి వణుకు పైకి వచ్చింది. నేను పక్కకు తిరిగి ఆయన ముఖం చూశాను. ఇంట్లో ఎప్పుడూ చూడని ముఖం అది. నుదుటి మీద ఒక్క ముడత లేదు. పెదవులు కొద్దిగా విడివడి ఉన్నాయి. బండి ముందు పడుకున్న కుక్కను, "లేమ్మా, కాస్త లే తల్లీ, అవతల నీడుంది" అని బతిమాలుతున్నారు. మా ఇంట్లో కుక్క వస్తే అదిలించే మనిషి. నలభై ఏళ్లు నేను ఎదురుచూసిన ఆయన ఇక్కడ ఉండేవారన్న మాట అనిపించింది. క్యాలెండరు మీద సున్నాలు లేని రోజులన్నీ ఈ ముఖానివే.

ఏటవాలు మీద బండి ఆపారు. "ఊ" అన్నారు.

"ఒకటి" అన్నాను. "రెండు. మూడు."

పాదం వైపు చూడలేదు. గోడ దగ్గర లెక్కపెట్టినట్టే, తొందర పడకుండా లెక్కపెట్టాను. పది దగ్గర బండి ముందుకు కదిలింది, జారలేదు. మళ్లీ మళ్లీ చేశాం. ఆ అయిదు రోజుల్లో నలభై ఒక్కసార్లు చేశాం. మొదటి రెండు రోజుల్లో ఆరుసార్లు ఆగింది. చివరి రోజు ఒక్కసారీ ఆగలేదు.

ఇరవై నాలుగు మంగళవారం క్యాబినులో ఆయన పక్కన ఆఫీసరు కూర్చుంది. నేను మైదానం అంచున, తాడు కట్టిన చోట నిలబడ్డాను. బండి ఎత్తెక్కి ఆగింది. ఎండ అద్దం మీద పడి ఆయన ముఖం కనబడలేదు. నేను పెదవుల్లో లెక్క మొదలుపెట్టాను. నేను ఏడు అనేసరికే లారీ మెత్తగా ముందుకు నడిచి, ఎత్తు దాటి అవతలికి దిగింది. మిగతా మూడు అంకెలు నా నోట్లోనే ఉండిపోయాయి.

లైసెన్సు కార్డు ఏప్రిల్ రెండున పోస్టులో వచ్చింది. అయిదేళ్లకు ఇచ్చారు. అది తీరే నాటికి ఆయనకు అరవై తొమ్మిది. సంతకం పెట్టి కార్డు తీసుకున్నది నేనే. చేతికిస్తే, పైనా కిందా చూసి, "ఫొటోలో ముసలోడిలా ఉన్నానే" అన్నారు.

"లేకపోతే?" అన్నాను.

నవ్వారు. ఆ రోజు నేను కాఫీ కాస్తుంటే వంటింటి గడప దగ్గరకు వచ్చి, "పొట్లకాయ ఒక్కటి తప్ప అన్నీ బాగున్నాయే, ఈ ఏడాదిన్నర" అన్నారు. అబద్ధం గురించి ఆయన నాతో మళ్లీ మాట్లాడలేదు. క్షమించారో లేదో నేను అడగలేదు.

ఏప్రిల్ ఆరు సోమవారం మొదటి లోడు. నాగాయలంక దగ్గర మినుములు ఎత్తుకుని గుడివాడ చేర్చాలి. దూరం కాదు, ముందు దగ్గరవి చూద్దామని అన్నయ్యగారు ఇచ్చారు. జూన్ వస్తే మళ్లీ దూరపు లోడ్లు. పొద్దున్నే తలంటుకున్నారు. ఇడ్లీలు నాలుగు తిన్నారు. "రేపు సాయంత్రానికి వచ్చేస్తా" అన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన ఇంట్లో ఉన్నవి అంతా కలిపి నాలుగు వందల ఎనభై అయిదు రోజులు. వెళ్లేటప్పుడు లారీ మా ఇంటి ముందు నుంచే వెళ్లింది. హారను కొట్టలేదు. చెయ్యి బయట పెట్టి ఊపారు. నేను లోపలికి వచ్చి ఇల్లు ఊడ్చాను. ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడ్చాను.

తొమ్మిదిన్నరకు ఫోను వచ్చింది.

"మోపిదేవిలో ఆగా. స్వామికి రోడ్డు మీద నుంచే దణ్ణం పెట్టుకున్నా. టీ తాగుతున్నా."

"చక్కెర తక్కువేయమన్నారా?"

"వేయమన్నాలే. గాలి వినబడుతోందా? ఏం గాలే ఇది! సరే, ఉంటా."

ఉంటానన్నారే గానీ ఫోను కట్ చేయలేదు. జేబులోనో, ముందు బల్ల మీదో అలాగే పెట్టేసినట్టున్నారు. తలుపు మూసిన చప్పుడు వచ్చింది. ఇంజను అందుకుంది. ఏవండీ అని పిలవబోయి ఆగాను.

"ఏం మావా, లోడా, ఖాళీయా?" అని ఎవరినో అడుగుతున్నారు. అవతలి మనిషి ఏమన్నాడో వినబడలేదు గానీ ఈయన గట్టిగా నవ్వారు. తర్వాత గేదెలు అడ్డం వచ్చినట్టున్నాయి. "వెళ్లండమ్మా, వెళ్లండి, మీదే ముందు" అన్నారు. ఇంజను శబ్దం ఒక్క క్షణం తగ్గి, మళ్లీ అందుకుంది. కాసేపటికి మళ్లీ తగ్గి, అందుకుంది. ఏదో కూనిరాగం తీస్తున్నారు. ఆయనకు పాట వచ్చని నాకు తెలియదు. రాగం సరిగా లేదు, మాటలు అసలు లేవు.

నేను చీపురు పక్కన పెట్టి, ఫోను చెవికి ఆనించుకుని గడప మీద కూర్చున్నాను. నా ఊపిరి వినబడి ఆయనకు తెలిసిపోతుందేమోనని ఫోనును నోటికి కాస్త దూరంగా పట్టుకున్నాను. అవనిగడ్డ వచ్చిందనుకుంటా, బస్సుల హారన్లు, ఎవరో అరటిపళ్లు అమ్ముతున్న కేక. తర్వాత ఊరు వెనకబడి, ఒట్టి గాలి, ఇంజను, ఆ కూనిరాగం. నాగాయలంక దారిలో సిగ్నలు పోయేదాకా నేను అక్కడి నుంచి లేవలేదు.